సంక్రాంతికి ఊరెళ్తున్నారా? దారిలో ట్రాఫిక్ ఆలస్యాన్ని ఇంట్లోనే లెక్క వేసుకోండి

హైదరాబాద్ నుంచి విజయవాడకు సుమారు 275 కిలోమీటర్లు. మామూలు రోజున కారులో నాలుగున్నర, ఐదు గంటల దారి. అదే సంక్రాంతి ముందు శనివారం బయలుదేరితే ఏడు గంటలూ పట్టొచ్చు, పదీ పట్టొచ్చు. ఈ సంగతి తెలియని వాళ్ళు లేరు. అయినా ఏటా చాలామంది ఆ ఐదు గంటల లెక్కతోనే ఇల్లు కదులుతారు. పిల్లల టిఫిన్, పెద్దవాళ్ళ మందులు, పెట్రోలు, అవతల అందుకోవాల్సిన రైలు, అన్నీ ఆ లెక్కలోనే కుదుర్చుకుంటారు. హైదరాబాద్ దాటాక వచ్చే మొదటి టోల్, పంతంగి దగ్గర బండ్లు ఆగిపోయాక అవన్నీ ఒకదాని వెంట ఒకటి తప్పుతాయి.

ఆలస్యాన్ని మనం ఆపలేం. కానీ అది ఎక్కడ వస్తుందో, ఎంత రావచ్చో, వచ్చినప్పుడు ఏం చేయాలో చాలావరకు ముందే తేల్చుకోవచ్చు. రోడ్డు మీద, చిరాకులో, వెనక హారన్లు మోగుతుండగా తీసుకునే నిర్ణయాలు ఎంత తగ్గితే ప్రయాణం అంత నయం. ఇక్కడ విజయవాడ హైవేనే ఎక్కువగా ఉదాహరణగా తీసుకున్నాను. బెంగళూరు, వరంగల్, నాగ్‌పూర్, ఏ దారికైనా పద్ధతి ఇదే.

చేరాల్సిన టైమ్ నుంచి వెనక్కి రండి

మొదట ఒక ప్రశ్న వేసుకోండి: అవతల టైమ్ తప్పకూడనిది ఏదైనా ఉందా? పెళ్ళి ముహూర్తం, రైలు, విమానం, ఆసుపత్రి అపాయింట్‌మెంట్ లాంటివి ఉంటే లెక్క గట్టిగా వేయాలి. ఊరికి చేరితే చాలు, సాయంత్రమైనా ఫరవాలేదు అనుకుంటే సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది. ఆ మాట ఇంట్లో అందరికీ ముందే చెప్పేయండి, ముఖ్యంగా అవతల ఎదురుచూసే వాళ్ళకు.

తర్వాత గూగుల్ మ్యాప్స్‌లో దారి చూడండి. ఇప్పుడు ఎంత పడుతుందో చూసి ఊరుకోవద్దు. బయలుదేరే రోజు, గంట మార్చి చూసే వీలుంది. అది ఒక అంకె కాకుండా 'ఇంత నుంచి ఇంత' అని చూపిస్తుంది. అందులో పెద్ద అంకెనే తీసుకోండి. అయితే ఆ అంచనా మామూలు వారాల రద్దీని బట్టి వేసేది. పండగ సంగతి దానికి సరిగా అందదు. అందుకే దాని మీద మనం కలపాలి. నేను పాటించే లెక్క ఇది: మామూలు పనిదినమైతే మొత్తం టైమ్‌లో పావు వంతు, శని ఆదివారాలైతే మూడో వంతు, పండగ ముందు రెండు మూడు రోజులైతే దాదాపు అంతకంత. దీనికి దిగి కాళ్ళు చాచుకునే టైమ్ విడిగా కలపాలి. రెండు గంటలకోసారి పదిహేను నిమిషాలు, భోజనానికి ముప్పావు గంట.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ఆదివారం ఉదయం పదకొండుకు విజయవాడలో ముహూర్తం. ప్రయాణం ఐదు గంటలు, ఆగడాలకు ముప్పావు గంట, వారాంతం కాబట్టి ఇంకో గంటా నలభై నిమిషాలు. ముస్తాబు కావడానికి గంట. అంటే తెల్లవారుజామున రెండున్నరకు బండి కదలాలి. రెండున్నరకు కదలాలంటే నడిపే మనిషి ఆ రాత్రి నిద్రపోనట్టే. లెక్క ఇలా తేలితే నా సలహా ఒకటే: ముందురోజు మధ్యాహ్నమే వెళ్ళిపోండి. ఒక రాత్రి లాడ్జి ఖర్చు గానీ, చుట్టాలింట్లో సర్దుకోవడం గానీ నిద్రలేని డ్రైవింగ్ కన్నా ఎన్నో రెట్లు మేలు.

రోజు, గంట ఎంచుకోవడం

సంక్రాంతికి రద్దీ బడులకు సెలవులిచ్చిన సాయంత్రం మొదలవుతుంది. ఆఫీసు అయిపోయాక బయలుదేరేవాళ్ళు రాత్రి తొమ్మిది, పది గంటలకు ఎల్బీ నగర్ మీద పడతారు. 'జనం లేవకముందే పోదాం' అనుకునేవాళ్ళు తెల్లవారుజామున నాలుగు, ఐదింటికి లేస్తారు. చిక్కల్లా ఏంటంటే, అందరూ అదే అనుకుంటారు. అందుకే ఆరు, ఏడు గంటలకల్లా చౌటుప్పల్ దగ్గర రోడ్డు నిండిపోతుంది.

వీలుంటే ఒకరోజు సెలవు పెట్టి, సెలవుల ముందురోజు పగలే వెళ్ళండి. అది కుదరకపోతే రద్దీ రోజే మధ్యాహ్నం పన్నెండు, రెండు గంటల మధ్య బయలుదేరడం నాకు నచ్చిన పద్ధతి. పొద్దుటి గుంపు కొంత కదిలిపోయి ఉంటుంది, సాయంత్రం గుంపు ఇంకా మొదలై ఉండదు. భోజనం ఇంట్లోనే అయిపోతుంది. చీకటి పడేసరికి సగానికి పైగా దారి దాటి ఉంటారు.

అర్ధరాత్రి ప్రయాణం ఖాళీగా ఉంటుందన్నది నిజమే. కానీ జనవరిలో తెల్లవారుజామున పొగమంచు పడుతుంది. పత్తి లారీలు, ధాన్యం ట్రాక్టర్లు వెనక లైటు సరిగా లేకుండా ఎడమ వైపు నిలిపి ఉంటాయి. రెండు నుంచి ఐదు గంటల మధ్య ఒంట్లో నిద్ర బరువు ఎక్కువగా ఉంటుంది. ఈ మూడూ కలిసిన చోట ప్రమాదాలు జరుగుతాయి. రాత్రి తప్పదంటే నడపగలిగినవాళ్ళు ఇద్దరుండాలి, మధ్యాహ్నం ఇద్దరూ పడుకుని ఉండాలి. మంచులో హై బీమ్ వేస్తే ఆ వెలుగు మంచుకు తగిలి మన కళ్ళలోకే వస్తుంది. డిమ్ లైటు వేసి, వేగం తగ్గించి నడపండి. మరీ కనిపించకపోతే రోడ్డు పక్కన ఆపొద్దు, పెట్రోలు బంకులోకో ధాబా ఆవరణలోకో బండిని తీసుకెళ్ళండి.

ఊరు దాటడమే సగం పని

మియాపూర్, కూకట్‌పల్లి, గచ్చిబౌలి వైపు వాళ్ళు ఊళ్ళోంచి ఎల్బీ నగర్ చేరి, అక్కడి నుంచి హయత్‌నగర్ మీదుగా బయటపడాలనుకుంటే పండగ రోజున రెండు గంటలు ఊళ్ళోనే కరిగిపోతాయి. మీకు దగ్గరున్న చోట ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, విజయవాడ హైవే తగిలే పెద్ద అంబర్‌పేట దగ్గర దిగండి. కిలోమీటర్లు ఎక్కువే, టోల్ కూడా కట్టాలి. కానీ బండి ఒకే వేగంతో పోతుంది కాబట్టి టైమ్‌ను నమ్మొచ్చు. ప్లాన్ వేసుకునేటప్పుడు తక్కువ దూరం కన్నా నమ్మదగిన టైమ్ ఎక్కువ పనికొస్తుంది. 158 కిలోమీటర్ల ఈ రింగ్ రోడ్డు మీద కార్లకు వేగ పరిమితి గంటకు 120 కిలోమీటర్లు. టూవీలర్లకు, ఆటోలకు అనుమతి లేదు. మధ్యలో ఆపకూడదు కూడా, కాబట్టి పిల్లల బాత్‌రూమ్ పని ఎక్కేముందే చూసుకోండి.

దిల్‌సుఖ్‌నగర్, వనస్థలిపురం వాళ్ళకు ఔటర్ చుట్టూ తిరగడం దండగ. ఉప్పల్ వైపు వాళ్ళు ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ ఎక్కి పెద్ద అంబర్‌పేట రావచ్చు. అలా రావాలా, నాగోలు మీదుగా పోవాలా అన్నది ఆ పూట మ్యాప్ చూసి తేల్చుకోండి.

ఫాస్టాగ్: ముందురోజు కాదు, వారం ముందు

పంతంగిలో జరిగేదేమిటో ఒకసారి దగ్గరగా చూడండి. రెండు వరసల్లో వచ్చిన బండ్లు ప్లాజా ముందు పది పన్నెండు వరసలుగా విచ్చుకుంటాయి. బూత్‌లు దాటగానే మళ్ళీ రెండే వరసల్లోకి గరాటులోంచి దిగినట్టు దిగాలి. ఆలస్యం రెండు చోట్లా ఉంటుంది, బూత్ ముందూ, బూత్ దాటాకా. ఒక్కో బండికి 5 సెకన్లు పడితే ఒక బూత్ గుండా గంటకు 720 బండ్లు పోతాయి. ఒక కారు అద్దం మీది ఫాస్టాగ్ స్టిక్కర్‌ను మిషన్ చదవలేక, కుర్రాడు చేతి మిషన్ తెచ్చి అద్దం మీద అటూ ఇటూ పెట్టి చూసేసరికి నిమిషం గడిస్తే, ఆ నిమిషంలో పన్నెండు బండ్లు పోవాల్సింది. అలాంటి కార్లు వరసకు పది ఉంటే వెనక ఎంత పేరుకుంటుందో ఊహించుకోండి. మీ ట్యాగ్ సరిగా ఉండటం మీ ఒక్కరికే కాదు, వెనకున్న వందల మందికి సాయం.

అందుకే వారం ముందే బ్యాలెన్స్, కేవైసీ రెండూ చూసుకోండి. ట్యాగ్ బ్లాక్‌లిస్టులో ఉంటే రీఛార్జ్ చేసిన మరుక్షణం పనిచేస్తుందని గ్యారంటీ లేదు, ఆ సమాచారం టోల్ ప్లాజాల దాకా చేరడానికి కొంత టైమ్ పడుతుంది. క్యూలో నిలబడి రీఛార్జ్ చేద్దామనుకోవడం అందుకే పనికిరాదు. స్టిక్కర్ మూల లేచిపోయి ఉందేమో, దాని ముందు దేవుడి బొమ్మో, సన్‌ఫిల్మో, పాత పార్కింగ్ స్టిక్కరో అడ్డుందేమో అద్దం బయట నుంచి చూడండి. 2025 నవంబరు 15న వచ్చిన నియమం ప్రకారం ట్యాగ్ పనిచేయని బండికి యూపీఐ ద్వారా కడితే మామూలు రుసుముకు ఒకటింబావు రెట్లు పడుతుంది. నగదుకు రెట్టింపు పెట్టారు.

సొంత కార్లకు 2025 ఆగస్టు 15న మొదలైన వార్షిక పాస్ తీసుకున్నవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. అది జాతీయ రహదారుల టోల్స్‌కు పనిచేస్తుంది గానీ హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డుకు పనిచేయదు. పాస్ ఉంది కదా అని బ్యాలెన్స్ సున్నా చేసుకుని ఔటర్ ఎక్కితే దిగే చోట ఇబ్బంది పడతారు.

విజయవాడ దారిలో మూడు టోల్స్: చౌటుప్పల్ దగ్గర పంతంగి, కేతేపల్లి దగ్గర కొర్లపహాడ్, జగ్గయ్యపేట దగ్గర చిల్లకల్లు. మొదటిదే కష్టం, ఎందుకంటే ఊరి గుంపంతా విడిపోకముందే అక్కడికి చేరుతుంది.

ఎక్కడెక్కడ నిర్ణయం తీసుకోవాలో ముందే రాసుకోండి

ఇది నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన పని. చాలామంది చేయనిదీ ఇదే. దారి మార్చుకునే అవకాశం ప్రతి కిలోమీటరుకూ ఉండదు, కొన్ని జంక్షన్ల దగ్గరే ఉంటుంది. ఆ జంక్షన్లేవో, ఏ పరిస్థితిలో మళ్ళాలో ఒక కాగితం మీద రాసి పక్క సీట్లో కూర్చునే వాళ్ళకు ఇవ్వండి.

మొదటిది పెద్ద అంబర్‌పేట. అక్కడికి చేరేముందే పంతంగి వరకు మ్యాప్‌లో రంగు చూడాలి. ముదురు ఎరుపు కిలోమీటర్ల పొడవునా ఉంటే, ఔటర్ మీదే ముందుకు పోయి ఘట్‌కేసర్‌లో దిగి, భువనగిరి, వలిగొండ, రామన్నపేట మీదుగా చిట్యాల దగ్గర హైవే ఎక్కొచ్చు. ఇది పంతంగిని తప్పించే దారి. అయితే చుట్టు ఎక్కువ, కొంత దారి ఊళ్ళ మధ్య నుంచి పోతుంది. అరగంట ఆలస్యానికి దీన్ని ఎంచుకోవద్దు. గంటన్నర దాటితేనే ఆలోచించండి.

రెండోది నార్కట్‌పల్లి. గుంటూరు, నరసరావుపేట, ఒంగోలు వైపు పోయేవాళ్ళకు విజయవాడ మీద అసలు పనే లేదు. నార్కట్‌పల్లి దగ్గర కుడికి మళ్ళి నల్గొండ, మిర్యాలగూడ మీదుగా వాడపల్లి దగ్గర కృష్ణ దాటి పిడుగురాళ్ళ చేరే అద్దంకి రోడ్డు ఉంది. అక్కడి నుంచి సత్తెనపల్లి మీదుగా గుంటూరు పోవచ్చు, నేరుగా నరసరావుపేట, అద్దంకి కూడా పోవచ్చు. పండగ రోజుల్లో పోలీసులే గుంటూరు వాళ్ళను ఇటు పొమ్మని చెబుతుంటారు. వనస్థలిపురం, బీఎన్ రెడ్డి నగర్ ప్రాంతం వాళ్ళు మాచర్ల వైపు పోవాలంటే హైవే ఎక్కకుండా నాగార్జునసాగర్ రోడ్డు పట్టుకోవడమే మంచిది.

మూడోది సూర్యాపేట. ఇక్కడ ఖమ్మం రోడ్డు విడిపోతుంది. ఖమ్మం, సత్తుపల్లి, అశ్వారావుపేట, జంగారెడ్డిగూడెం మీదుగా రాజమండ్రి చేరవచ్చు. గోదావరి జిల్లాల వాళ్ళకు, విజయవాడలో ఇరుక్కోవడం ఇష్టంలేని వాళ్ళకు ఇది మంచి ప్రత్యామ్నాయం. ఇది కూడా దాటిపోతే విజయవాడకు ముందు వచ్చే ఇబ్రహీంపట్నం దగ్గర ఇంకో అవకాశం ఉంది. మైలవరం, నూజివీడు మీదుగా హనుమాన్ జంక్షన్ చేరి ఏలూరు వైపు పోవచ్చు.

జంక్షన్ వచ్చే పది పదిహేను కిలోమీటర్ల ముందే పక్కవాళ్ళు మ్యాప్ చూసి చెప్పాలి. నడిపే మనిషి ఫోన్ ముట్టుకోకూడదు. ఒకసారి నిర్ణయం తీసుకున్నాక దాని గురించి కారులో మళ్ళీ చర్చ పెట్టొద్దు. 'ఆ దారిన పోయుంటే ఈపాటికి చేరేవాళ్ళం' అన్న మాట నడిపేవాడి కాలు యాక్సిలరేటర్ మీద ఇంకొంచెం నొక్కిస్తుంది.

మ్యాప్ చూపించే చిన్న అడ్డదారుల్లో మాత్రం జాగ్రత్త. హైవే మీద జామ్ అయితే యాప్ అందరికీ ఒకే సందు చూపిస్తుంది. పొలాల మధ్య ఒక బండి పట్టే తారు రోడ్డు మీద ఎదురెదురుగా ఇరవై కార్లు చేరితే వెనక్కీ పోలేరు, ముందుకూ పోలేరు. ఊరి పేర్లు మీకు తెలిసిన దారైతేనే, పగలైతేనే దిగండి. ఆ దారి మ్యాప్‌ను ముందే ఆఫ్‌లైన్‌లో దించుకోండి, ఎందుకంటే వేలమంది ఒకచోట ఇరుక్కున్నప్పుడు నెట్ కూడా నెమ్మదిస్తుంది.

చిట్యాల లాంటి చోట్ల ఫ్లైఓవర్, అండర్‌పాస్ పనుల వల్ల బండ్లను సర్వీసు రోడ్డు మీదికి మళ్ళించడం కూడా ఈ హైవే మీద మామూలే. పండగకు రెండు మూడు రోజుల ముందు జిల్లా పోలీసులు ఎటు నుంచి ఎటు మళ్ళిస్తారో పత్రికల్లో ప్రకటిస్తారు. అది చదివి మీ కాగితంలో చేర్చుకోండి.

వానాకాలంలో ఇంకో సంగతి చూడాలి. 2023 జులైలో మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద హైవే మీదికి నీళ్ళొచ్చి రాకపోకలు ఆగిపోయాయి. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో వరదలకు ఈ దారి మళ్ళీ తెగింది. ఖమ్మం, వరంగల్ వైపు గట్టి వానలని వార్త వింటే ప్రయాణం వాయిదా వేయండి. రోడ్డు మీద నీళ్ళు పారుతుంటే ముందు లారీ పోయింది కదా అని కారు దింపొద్దు.

బండి సంగతి

టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడు చూడాలి, డ్రైవర్ తలుపు పక్కన అంటించిన పట్టీలో ఉన్నంత. స్టెప్నీలో కూడా. కూలెంట్, బ్రేకులు, వైపర్లు, బ్యాటరీ వారం ముందు చూపించండి. ట్యాంకు నిండుగా బయలుదేరి, సగం కన్నా కిందికి పోకముందే మళ్ళీ నింపండి. మామూలు రోజుల్లో ఇది అతి జాగ్రత్తలా అనిపిస్తుంది గానీ, ఏసీ వేసుకుని ఆగుతూ కదులుతూ మూడు గంటలు పోతే ముల్లు ఎంత తొందరగా పడుతుందో చూస్తే అర్థమవుతుంది. పండగ రోజు హైవే బంకుల్లోనూ క్యూ ఉంటుంది. సీఎన్‌జీ వాళ్ళకు ఆ క్యూ ఇంకా పొడుగు. ఎలక్ట్రిక్ కారైతే ఇంట్లోనే పూర్తిగా ఛార్జ్ చేసి, దారిలో ఒకటి కాదు, రెండు ఛార్జింగ్ స్టేషన్లు గుర్తుపెట్టుకోండి. మొదటిది ఖాళీ లేకపోతే రెండోదాకా పోయేంత ఛార్జ్ మిగిలి ఉండాలి.

మనుషుల సంగతి, అంటే అసలు సంగతి

తిండి విషయంలో ఒక నియమం పెట్టుకోండి. చేరాల్సిన టైమ్‌కు ఇంకో పూట దాటినా సరిపోయేంత తిండి, నీళ్ళు బండిలో ఉండాలి. పులిహోర, చపాతీ, అరటిపళ్ళు, పల్లీలు బాగుంటాయి. పెరుగన్నం ఉదయమే తినేయాలి, ఎండలో నిలబడ్డ కారులో పులిసిపోతుంది. మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్ళు పెట్టుకోండి. డిక్కీలో కాదు, చేతికందేలా. జామ్‌లో దిగి డిక్కీ తీయడం ప్రమాదం.

పెద్దవాళ్ళ మందులు ఆ రోజువే కాకుండా మర్నాటివి కూడా సీటు దగ్గర సంచిలో ఉండాలి. షుగర్ ఉన్నవాళ్ళ విషయంలో మరీ జాగ్రత్త. భోజనానికి ముందు వేసుకునే ఇన్సులిన్ అయితే తిండి చేతిలోకి వచ్చాకే వేసుకోండి. 'పది నిమిషాల్లో హోటల్ వచ్చేస్తుందిలే' అని కారులో వేసుకుంటే, ఆ పది నిమిషాలు గంటైనప్పుడు షుగర్ పడిపోతుంది. గ్లూకోజ్ పొడో, నాలుగు చక్కెర బిళ్ళలో దగ్గర పెట్టుకోండి. ఇన్సులిన్ ఎండలో, డాష్‌బోర్డు మీద ఉంచొద్దు. ఐసుకు నేరుగా తగిలినా పాడవుతుంది.

బాత్‌రూమ్ గురించి మాట్లాడటానికి మొహమాటపడతారు గానీ, జామ్‌లో ఆడవాళ్ళు, పిల్లలు, పెద్దవాళ్ళు పడే బాధ దీనివల్లే ఎక్కువ. దారిలో ఇబ్బంది అవుతుందని పొద్దుటి నుంచి నీళ్ళు తాగకుండా కూర్చునే అమ్మలు, అత్తమ్మలు ఎంతమందో. అది ఆరోగ్యానికి మంచిది కాదు. దానికి మందు ఒకటే, ఆగే చోట్లు ముందే చెప్పడం. పంతంగి చేరకముందే ఒకసారి, తర్వాత సూర్యాపేట దగ్గర, తర్వాత కోదాడ దాటేలోపు ఆగుతామని అందరికీ చెప్పండి. ఎవరికీ అవసరం లేదన్నా ఆగండి. చిన్నపిల్లలకు అదనంగా రెండు జతల బట్టలు, డైపర్లు, వాంతుల కోసం కవర్లు చేతికందేలా ఉంచండి. కారు పడని పిల్లలకు బయలుదేరే ముందు నూనె వస్తువులు పెట్టొద్దు. ఫోన్ చూడనివ్వకుండా ముందు రోడ్డు వైపు చూడమనండి.

ఇక ఇంటి నుంచి వచ్చే ఫోన్లు. "ఎక్కడిదాకా వచ్చారు బాబూ?" అని అత్తగారు, "ఇంకా అక్కడేనా?" అని మామగారు, పావుగంటకోసారి. వాళ్ళది ప్రేమే, నడిపేవాళ్ళకు మాత్రం అది ఒత్తిడి. బయలుదేరేటప్పుడే చెప్పేయండి: "అత్తయ్యా, లొకేషన్ పంపిస్తున్నాను, అందులో మేం కనిపిస్తుంటాం. సూర్యాపేటలో ఒకసారి, నందిగామలో ఒకసారి మీ అమ్మాయి ఫోన్ చేస్తుంది. మీరు భోంచేసి పడుకోండి, మా కోసం కూర్చోవద్దు." ఇది చెప్పిన ఇళ్ళలో ప్రయాణం ఎంత తేలికవుతుందో చూడండి.

ఇరుక్కున్నాక

మీ వరసలోనే ఉండండి. పక్క వరస ముందుకు కదిలినట్టు కనిపిస్తుంది, మీరు మారగానే అది ఆగుతుంది. ఎడమ అంచున ఖాళీగా ఉన్న చోటు అంబులెన్సుకు, క్రేనుకు దారి, దాంట్లోకి దూరొద్దు. రాంగ్ రూట్‌లో పోయే బండి ఒక్కటి చాలు, గంట ఆలస్యాన్ని మూడు గంటలు చేయడానికి.

ముందు బండికి కాస్త ఎడం వదిలి, నెమ్మదిగా అయినా ఆగకుండా కదలడానికి చూడండి. జపాన్ పరిశోధకులు 2008లో ప్రచురించిన ఒక ప్రయోగంలో 230 మీటర్ల గుండ్రటి దారి మీద 22 కార్లను ఒకే వేగంతో నడపమన్నారు. దారిలో సిగ్నల్ లేదు, గుంత లేదు, అడ్డంకే లేదు. అయినా కాసేపటికి ఎవరో కొద్దిగా నెమ్మదించారు, వెనకవాళ్ళు ఇంకొంచెం గట్టిగా బ్రేకు వేశారు, చివరికి కొన్ని కార్లు పూర్తిగా ఆగిపోయాయి. ఆ ఆగడం అలా వెనక్కి పాకుతూ పోయింది. మన హైవే మీద కారణం కనిపించని జామ్‌లు కొన్ని ఇలా పుట్టేవే. ఎడం వదిలి నడిపితే ఆ అలను మీ దగ్గర కొంతైనా తగ్గించగలరు.

ఇంజిన్ వేడి ముల్లు మీద ఓ కన్నేసి ఉంచండి. పైకి పోతుంటే ఏసీ ఆపి, పక్కకు తీయగల చోట బండి ఆపి చల్లారనివ్వండి. వేడి మీద రేడియేటర్ మూత తీయొద్దు, మరిగే నీళ్ళు మొహం మీద కొడతాయి. గంటలు గంటలు ఆగిపోయినప్పుడు అద్దాలు మూసి, ఏసీ వేసుకుని అందరూ నిద్రపోవడం కూడా మంచిది కాదు. పొగ గొట్టంలో లీకుంటే కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండా లోపలికి చేరుతుంది. అద్దం కొంచెం దించి ఉంచండి, ఒకరు మెలకువగా ఉండండి.

బండి చెడిపోతే హజార్డ్ లైట్లు వేసి, వీలైనంత ఎడమకు తీసి, అందరినీ దించి రెయిలింగ్ అవతల నిలబెట్టండి. కారులోనే కూర్చోవడం, కారు వెనక నిలబడి మాట్లాడుకోవడం చాలా ప్రమాదం. ఎర్ర త్రికోణం బాగా వెనక పెట్టండి. జాతీయ రహదారి మీద అంబులెన్సుకు, క్రేనుకు 1033, ఏ ఆపదకైనా 112. ఈ నంబర్లు అందరి ఫోన్లలో ఉండాలి. ఏ కిలోమీటరు రాయి దగ్గరున్నారో చెబితే వాళ్ళు తొందరగా చేరతారు.

జామ్ విడిపోయాక

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. రెండు గంటలు పోయాయన్న కసితో కొర్లపహాడ్ దాటగానే 120 మీద తొక్కుతారు. లెక్క చూడండి. ఇంకా 100 కిలోమీటర్లు ఉందనుకుంటే 80 వేగంతో గంటంబావు, 120 వేగంతో యాభై నిమిషాలు. మిగిలేది పాతిక నిమిషాలు, అది కూడా దారంతా ఖాళీగా ఉంటే. అంతసేపు ఆగి ఆగి వచ్చిన కాళ్ళు, కళ్ళు అలిసిపోయి ఉంటాయి. జామ్ దాటిన వెంటనే మొదటి మంచి చోట ఆగి, టీ తాగి, మొహం కడుక్కుని బయలుదేరండి. నిద్ర తూగుతుంటే టీ తాగి ఇరవై నిమిషాలు పడుకుంటే ఇంకా మంచిది. పోయిన టైమ్ పోయినట్టే అనుకుని, చేరే టైమ్ కొత్తగా లెక్కేసి అవతలివాళ్ళకు చెప్పండి.

బస్సులో పోయేవాళ్ళకు, విమానం ఎక్కేవాళ్ళకు

బస్సు దిగి రైలో, ఇంకో బస్సో ఎక్కాలంటే మధ్యలో మామూలు రోజుల్లో రెండు గంటలు, పండగకు నాలుగైదు గంటలు ఖాళీ పెట్టుకుని టికెట్ తీయండి. మహాత్మాగాంధీ బస్ స్టేషన్ (ఎంజీబీఎస్)లో ఎక్కాలా, ఎల్బీ నగర్‌లోనా అన్నది టికెట్ తీసేటప్పుడే చూసుకోండి. ఎల్బీ నగర్ దాకా మెట్రోలో వచ్చి ఎక్కితే ఊళ్ళో ట్రాఫిక్ మొత్తం తప్పుతుంది. విజయవాడ వైపు నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి వచ్చేవాళ్ళు ఊళ్ళోకి రావొద్దు. పెద్ద అంబర్‌పేటలో ఔటర్ ఎక్కి బొంగులూరు, తుక్కుగూడ మీదుగా నేరుగా శంషాబాద్ చేరవచ్చు.

మిగతా దార్ల గురించి రెండు ముక్కలు. వరంగల్ పోయేవాళ్ళు ఉప్పల్ దగ్గర ఏళ్ళుగా సాగుతున్న ఫ్లైఓవర్ పనుల మధ్య ఇరుక్కోకుండా ఔటర్ మీదుగా ఘట్‌కేసర్‌లో దిగడం మేలు. శ్రీశైలం పోయేవాళ్ళు మన్ననూరు అటవీ గేటు రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు మూసి ఉంటుందని గుర్తుంచుకోవాలి. సాయంత్రం బయలుదేరి దారిలో గంట ఆలస్యమైతే రాత్రంతా గేటు బయటే. ఆ దారికి తెల్లవారుజామునో, మధ్యాహ్నం లోపలో బయలుదేరండి.

తిరుగు ప్రయాణం

కనుమ మర్నాటి నుంచి వచ్చే ఆదివారం దాకా గుంపు ఇటు తిరుగుతుంది. వెళ్ళేటప్పటికన్నా ఇదే కష్టం, ఎందుకంటే అందరికీ సోమవారం ఉదయం ఆఫీసు ఉంటుంది, బడి ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం భోంచేసి బయలుదేరినవాళ్ళంతా రాత్రి ఏడు నుంచి పదకొండు మధ్య పంతంగి, హయత్‌నగర్ దగ్గర కలుస్తారు. కుదిరితే శనివారమే వచ్చేయండి, లేదా సోమవారం సెలవు పెట్టి పగలు రండి. రెండూ కుదరకపోతే ఆదివారం ఉదయం ఆరింటికల్లా ఊరు వదలండి. సెలవు సంగతి ఆఫీసులో డిసెంబరులోనే అడిగి పెట్టుకోవాలి, పండగ వారంలో అడిగితే అప్పటికే సగం మంది పెట్టేసి ఉంటారు.